ఎట్టా అనే ఊరు

సఫియాకు ఇంగ్లీషు చదవడం వచ్చింది ఎట్టా పేపరు వల్లే.

ఎట్టా అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక మూలనున్న చిన్న ఊరు. ఆ ఊరికి సొంతంగా ఒక వారపత్రిక ఉండేది, ఎనిమిది పేజీలది. ఖాకీ కాగితం చుట్టుకుని ఐదారు వారాలు ఆలస్యంగా అది మస్కట్ చేరేది. సఫియా వంట చేసే ఇంటి ఇల్లాలు వెర్నా పుట్టింది ఆ ఊళ్ళోనే. పేపరు వచ్చిన రోజు ఆమె ఫోను మోగినా తీసేది కాదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పక్కన కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదివేది.

సఫియాది కడప జిల్లా పోరుమామిళ్ళ. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. కొన్నాళ్ళు పెళ్ళివంటల వాళ్ళ దగ్గర ఉల్లిపాయలు తరిగి, చూస్తూ చూస్తూ తనే పెద్ద దేక్సాలు దించడం నేర్చుకుంది. 1985లో ఒమాన్ వచ్చింది. మొదటి రెండేళ్ళు సమాయిల్ అనే చిన్న ఊళ్ళో షమ్సా అనే పెద్దావిడ ఇంట్లో చేసింది. షమ్సాకు కోడలు వచ్చాక వంటింట్లో మూడో మనిషికి పని లేకపోయింది. మస్కట్‌లో అమెరికా వాళ్ళకు వంటమనిషి కావాలని వాళ్ళ బంధువే చెప్పి ఇక్కడ చేర్పించాడు. అప్పటికి సఫియాకు ముప్పై నాలుగేళ్ళు.

వెర్నాకు యాభై అయిదు. ఆమె భర్త రాల్ఫ్ వాగులకు అడ్డకట్టలు కట్టించే ఇంజనీరు, వారంలో నాలుగు రోజులు సైట్ మీదే ఉండేవాడు. అంతకుముందు వాళ్ళు పాకిస్తాన్‌లో నాలుగేళ్ళు ఉండి వచ్చారు కనుక వెర్నాకు ఉర్దూ వచ్చు. ఆడవాళ్ళను మగవాళ్ళుగా, మగవాళ్ళను ఆడవాళ్ళుగా మార్చేసే ఉర్దూ. సఫియా నెలరోజుల్లో దానికి అలవాటు పడిపోయింది.

ఒకరోజు పేపరు చదువుతూ వెర్నా ఒక్కతే నవ్వుకుంటోంది.

"ఏమైంది మేడం?" అని అడిగింది సఫియా.

"ఆర్నాల్డ్ వాళ్ళ ఆవు మళ్ళీ రోడ్డెక్కింది."

"ఆర్నాల్డ్ మీకేమవుతారు?"

"ఏమీ కాడు. ఆ ఆవు తల్లి నాకు బాగా తెలుసు. అది కూడా ఇట్లాగే రోడ్డెక్కేది."

సఫియా చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చి చూసింది. ఆమెకు తెలిసిన పేపర్లలో మంత్రులుంటారు, హత్యలుంటాయి, లోయలో పడిన బస్సులుంటాయి. ఇందులో ఆవుంది. దాని కింద, ఆదివారం ఎవరింటికి ఎవరు భోజనానికి వచ్చారో ఉంది. లార్సన్ల ఇంట్లో అమ్మమ్మ తొంభయ్యో పుట్టినరోజుకు ఎన్ని కేకులు చేశారో, ఏ కేకు ఎవరు తెచ్చారో ఉంది. ఒక మూల గీతల గడి కట్టి, అందులో యాభై ఏళ్ళ కిందట ఇదే వారం ఊళ్ళో ఏం జరిగిందో వేశారు.

"ఇవన్నీ పేపర్లో వేస్తారా?"

"మరి ఊళ్ళో జరిగింది ఇదే కదా," అంది వెర్నా.

సాయంత్రం తోటలో నీళ్ళు పెడుతున్న లచ్చన్నకు సఫియా ఈ సంగతి చెప్పింది. లచ్చన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ఆ ఇంట్లో ఆమె తెలుగులో మాట్లాడగలిగిన మనిషి అతనొక్కడే.

"ఆమెది ఏ ఊరంటక్కా?"

"ఎట్టా."

"ఊరి పేరు అడిగితే ఎట్లా అంటవేంది?"

"ఊరి పేరే ఎట్టా అంట లచ్చన్నా."

లచ్చన్న పైపు పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "మా దిక్కయితే దాన్ని ఎట్ల అంటరు," అన్నాడు.

ఆ తర్వాత పేపరు వచ్చినప్పుడల్లా సఫియా తన పనిని బల్ల దగ్గరికే తెచ్చుకునేది. ఆమె బెండకాయలు కోస్తుంటే, చేపలు గీకుతుంటే వెర్నా చదివి అర్థం చెప్పేది. చదవడం మధ్యలో ఆపి ఊరి పూర్వం చెప్పేది.

ముత్తాతల కాలానికి అక్కడ నడుమెత్తు గడ్డి తప్ప ఏమీ లేదట. "అంతకుముందు వేరే జనం ఉండేవాళ్ళు. వాళ్ళను తరిమేసి మా వాళ్ళకిచ్చిన నేల అది. ఆ సంగతి మా పేపర్లో ఎక్కువ రాయరు," అంది వెర్నా. తర్వాత రైలు వచ్చింది. ఆవిరి ఇంజనుకు ఎనిమిది పది మైళ్ళకొకసారి నీళ్ళు కావాలి. ఆగిన చోటల్లా ఒక ట్యాంకు, ట్యాంకు పక్కన ఒక దుకాణం, దుకాణం చుట్టూ ఊరు. ఇన్ని ఊళ్ళకు పేర్లెక్కడివి? రైల్వే అధికారి ఒకడు తన భార్య పేరు, అక్కచెల్లెళ్ళ పేర్లు అయిపోయాక కూతురి పేరు పెట్టేశాడు. ఆ అమ్మాయి ఎట్టా.

"ఆ పిల్ల ఎప్పుడన్నా తన పేరున్న ఊరు చూసిందా?"

"లేదు. ఆ దారిలో రైలు కూడా ఎక్కలేదట."

చెట్లు లేని నేల కనుక మొదట వచ్చినవాళ్ళు గడ్డివేళ్ళతో సహా మట్టిపెళ్ళలు కోసి ఇటుకల్లా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. బయట ఒకరోజు వాన పడితే ఇంట్లో మూడు రోజులు కారేది. ఆడవాళ్ళు గిన్నెలు కడిగిన నీళ్ళు మోసి ఒక్కొక్క మొక్కనూ బతికించారు. స్వీడన్ నుంచి వచ్చిన వాళ్ళు కనుక చర్చిలో చాలాకాలం ఆ భాషలోనే ప్రార్థన. వెర్నా చంటిపిల్లగా ఉన్నప్పుడు వరుసగా కొన్నేళ్ళు వానలు పోయి, మట్టి పైకి లేచి పగలే చీకటయ్యేదట. వాళ్ళమ్మ దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టేది.

సఫియాకు అన్నిటికన్నా నచ్చింది శనివారం సాయంత్రం. చుట్టుపక్కల పొలాల నుంచి అందరూ ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. మగవాళ్ళు క్షవరానికి, సరుకులకు పోతే, ఆడవాళ్ళు వీధి పక్కన నిలిపిన కార్లలోనే కూర్చుని పోయేవాళ్ళను వచ్చేవాళ్ళను చూసేవాళ్ళు. మంచి చోటు దొరకాలని కొందరు మధ్యాహ్నమే కారు తెచ్చి పెట్టి, ఇంటికి నడిచి వెళ్ళి, మళ్ళీ వచ్చేవాళ్ళు.

"మా వీధిలో అయితే అరుగుల మీద కూర్చుంటాం," అంది సఫియా. "కారు అవసరం లేదు."

అప్పుడు ఊళ్ళో ఆరువందల నలభై మంది. ఇప్పుడు నూట తొంభై. ట్రాక్టరు పెద్దదయ్యే కొద్దీ ఒక్క మనిషి దున్నే పొలం పెద్దదయింది. పొలం పెద్దదయ్యే కొద్దీ ఇళ్ళు తగ్గాయి. కొత్త హైవే నాలుగు మైళ్ళ అవతలి నుంచి పోయింది. రైలు ఆగడం మానేసింది, తర్వాత రావడమే మానేసింది.

ఇలా వింటూ, వేలు పెట్టి చూస్తూ సఫియా అక్షరాలు పట్టుకుంది. ఎవరి సాయం లేకుండా ఆమె మొదట చదివిన ఇంగ్లీషు వాక్యం, మంగళవారం ఎట్టాలో ముప్పాతిక అంగుళం వాన పడింది అనేది. ఆరోజు లచ్చన్నకు కూడా చెప్పింది. "మన కాడ పడ్డదా మరి?" అన్నాడు అతను.

ఇరుగుపొరుగు కబుర్లు రాసేది హల్డా అనే ఎనభై ఏళ్ళ ఆవిడ. ఒక చలికాలం ఆమె మెట్ల మీది మంచుకు జారి తుంటి విరగ్గొట్టుకుంది. మూడు వారాలు కబుర్లు లేవు. ఆ మూడు వారాలూ పేపరు సఫియాకు ఉప్పు లేని కూరలా అనిపించింది. "మేడం, మీరు ఉత్తరం రాసేటప్పుడు హల్డా గారి తుంటి ఎట్టుందో అడగండి," అంది. వెర్నా అలాగే రాసింది.

1989 వేసవికి ముందు ఒక సంచికలో పెద్ద అక్షరాలతో ఉన్న వార్త చదివి వెర్నా పేపరు బోర్లా పెట్టేసింది. ఊరి హైస్కూలును ఇరవై మైళ్ళ అవతలి ఊరి స్కూల్లో కలిపేయాలని ఓటింగులో తేలింది.

"పిల్లలకు బస్సు ఉంటుంది కదా మేడం?"

"పిల్లల గురించి కాదు." వెర్నా కాఫీ కప్పు పక్కకు జరిపింది. "శుక్రవారం సాయంత్రం స్కూల్లో ఆట ఉంటే పిల్లలు లేని వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఒకరితో ఒకరికి మాటల్లేని వాళ్ళు కూడా పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడ కూర్చుంటారు?"

సఫియా పొయ్యి కట్టేసి ఎదురుగా కూర్చుంది.

ఆ ఎండాకాలంలోనే హల్డా కబుర్లలో నాలుగు పంక్తుల ముక్క వచ్చింది. ఒమాన్ దేశంలో మస్కట్‌లో, మన వెర్నా ఇంట్లో ఉండే సఫియా అనే ఆమె హల్డా తుంటి ఎలా ఉందని అడిగింది. చేతికర్రతో పోస్టాఫీసు దాకా నడుస్తున్నానని హల్డా జవాబు. సఫియా తన పేరును ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. వెర్నా కత్తెరతో కత్తిరించి ఇస్తే తన గదిలో ఖురాన్ పెట్టుకునే అరలో దాచుకుంది.

లచ్చన్న మాత్రం కంగారుపడ్డాడు. "ఏం తప్పు జేసినవ్ అక్కా, పేపర్ల పడ్డది నీ పేరు?"

"తప్పేం లేదప్పా. ఒక ముసలామెను బాగుండావా అని అడిగినా."

"గంతేనా? గంత మాత్రానికి పేపర్ల ఏస్తరా?" అని, ఇంకా నమ్మకం కుదరక ఆ ముక్క తెప్పించుకుని వెనకా ముందూ చూసి ఇచ్చాడు.

ఆ వారమే సఫియా పోరుమామిళ్ళలో ఉన్న తన చెల్లెలు ఇక్బాలున్నీసాకు ఉత్తరం రాసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడినా రాయడం చదవడం తెలుగులోనే. నాలుగేళ్ళుగా చెల్లెలి ఉత్తరాలన్నీ ఒకటే తీరు. ఇక్కడ అందరం క్షేమం, నీ క్షేమం తెలుపగలవు, ఆరోగ్యం జాగ్రత్త. సఫియా ఇలా రాసింది: "క్షేమం అని రాయొద్దు. అందరం అంటే ఎవరెవరు? ఎవరింటికి ఎవరొచ్చిరి, ఎవరి గేదె ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు, అరుగు మీద ఎవరు కూచుంటాండారు, అవి రాయి."

మొదటి జవాబు ముక్తసరిగా వచ్చింది. రెండోది రెండు పేజీలు. మూడో ఉత్తరానికి ఇక్బాలున్నీసాకు చెయ్యి తిరిగింది. గాజులమ్మే ఇనాయత్ మేక పెళ్ళిపత్రికల కట్ట మొత్తం తినేసిందని, పెళ్ళికొడుకు తండ్రి వచ్చి మేక నోరు తెరిచి చూశాడని రాసింది. రొట్టెల బీబమ్మ పాలవాడిని రోజూ ఎలా తిడుతుందో తిట్లతో సహా రాసింది. టైలరు ఎహసాన్ ఒకే కొలతకు ఇద్దరి జుబ్బాలు కుట్టి, లావుపాటివాడికి బిగుతుగా, సన్నపువాడికి వదులుగా అంటగట్టాడని రాసింది.

వెర్నా మేక సంగతి హల్డాకు పంపింది. అదీ ఎట్టా పేపర్లో వచ్చింది. ఆర్నాల్డ్ తన ఆవును ఇకమీదట ఏమీ అనవద్దని అందరికీ చెబుతున్నాడని కింద ఒక ముక్క కూడా వేశారు.

1990లో సఫియా సెలవు పెట్టుకుంది గానీ కువైట్ యుద్ధం వచ్చి ఆగిపోయింది. మరుసటి ఏడాది వెర్నాకు ఆపరేషన్ జరిగింది, మళ్ళీ కుదరలేదు. ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆరేడు ఉత్తరాల పాటు వీధంతా కళ్ళ ముందు తిరుగుతుంటే, ఊరికి దూరంగా ఉన్నానన్న దిగులు తగ్గాలి. సఫియాకు అది పెరిగింది. అన్నం వారుస్తూ, ఇప్పుడు బీబమ్మ రొట్టెల పెనం దించి ఉంటుంది అనుకునేది. గంటన్నర తేడా లెక్కగట్టుకుని, లేదు, అక్కడ సాయంత్రం చేసే అసర్ నమాజు కూడా అయిపోయి ఉంటుంది, అందరూ అరుగుల మీదికి వచ్చి ఉంటారు అని సర్దుకునేది.

1992 వేసవిలో ఊరికి వెళ్ళింది.

బస్సు దిగి నడుచుకుంటూ వీధి మొదట్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండకు ఎవరూ బయటికి రాలేదనుకుంది. రెండు ఇళ్ళు దాటాక తలుపులకు తాళాలు కనబడ్డాయి. బీబమ్మ తలుపు, ఇనాయత్ తలుపు, ఎహసాన్ కుట్టుమిషను పెట్టుకునే వరండా. తాళాల మీద దుమ్ము. ఇనాయత్ అరుగు ఒక మూల విరిగి, అందులోంచి పిచ్చిమొక్క లేచింది.

చెల్లెలు ఎదురొచ్చి కావలించుకుంది. మంచినీళ్ళు తాగాక సఫియా మెల్లగా అడిగింది.

"బీబమ్మ యాడికి పోయింది?"

ఇక్బాలున్నీసా తల వంచుకుంది. "చచ్చిపోయి రెండేళ్ళాయ ఆపా."

"మొన్న రంజాన్‌కు పాలోణ్ణి తిట్టిందని రాసినావే."

"రాసినా."

"ఇనాయత్?"

"వాళ్ళు కడపకు పోయిరి. కొడుకూ కోడలూ కువైట్లో ఉండారు. యుద్ధమప్పుడు కట్టుబట్టలతో వచ్చినోళ్ళంతా మళ్ళా పోయిరి ఆపా. ఈతూరి ఆడోళ్ళు గూడా పోయిరి. పిల్లల్ని అవ్వల ఊళ్ళల్లో దిగబెట్టి పోయిరి. మన వీధిలో పదకొండు ఇండ్లకు తాళాలే."

"మరి నాకు ఆ మాట ఎందుకు రాయలేదు?"

"నువ్వు ఎవరు కూచుంటాండారో రాయమంటివి. కూచునేటోళ్ళు ఉంటే గదా." ఇక్బాలున్నీసా ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "మూడు ఉత్తరాలు నిజమే రాసినా. తర్వాత బీబమ్మ పాయ. నువ్వు ఆమె తిట్లు చదివి ఇంటిల్లిపాదీ నవ్వినామని రాసినావు. యుద్ధమని నువ్వు రాలేకపోతివి. అప్పుడు చావు కబురు ఎట్టా రాసేది? ఒకసారి రాయకపోతే, తర్వాత రాసేకి తావు లేకపాయ. పాత సంగతులే తిప్పి తిప్పి రాసినా."

కోపం వస్తుందేమోనని సఫియా తనలో తనే వెతుక్కుంది. రాలేదు. ఈ ఖాళీ వీధిలో కూర్చుని, పోయిన వాళ్ళందరినీ పిలిచి తెచ్చి అరుగుల మీద కూర్చోబెట్టిన చెల్లెలి ముఖం చూసింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నీకు తోడు ఎవరుండారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు," అంది ఇక్బాలున్నీసా. "ఉత్తరం రాసేటప్పుడు బాగుండేది."

ఆ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. సఫియా ఒక్కొక్క ఇంటినే చూపించి అడిగింది, చెల్లెలు ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎవరు ఏ దేశంలో, ఎవరు ఏ ఊళ్ళో, ఎవరు మట్టిలో. పదకొండో ఇల్లు వచ్చేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఇద్దరూ లోపలికి లేచారు.

మస్కట్ తిరిగి వచ్చాక సఫియా చాలా నెలలు వెర్నాకు ఈ మాట చెప్పలేకపోయింది. వెర్నా అడిగినప్పుడల్లా అందరూ బాగున్నారని చెప్పేది. 1993 చివర్లో ఎట్టా పేపరు ఆఖరి సంచిక వచ్చింది. ఎడిటరుకు చూపు తగ్గింది, నడిపేవాళ్ళు దొరకలేదు. హల్డా తన కబుర్ల చివర, ఇకనుంచి ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి అని రాసింది. వెర్నా దాన్ని చదివి వినిపించలేదు. సఫియాకే ఇచ్చింది. సఫియా తప్పుల్లేకుండా గట్టిగా చదివింది.

చదివాక, ఎందుకో, తన వీధి సంగతంతా చెప్పేసింది.

వెర్నా మధ్యలో ఆపకుండా వింది. "అన్నీ అబద్ధాలేనా?" అంది చివరికి. "మేక కూడానా?"

"మేక నిజం మేడం."

"పోనీలే," అంది వెర్నా. ముక్కు చీదుకుని, మరో కప్పు కాఫీ కలపమంది.

రాల్ఫ్ ఉద్యోగం 1994లో ముగిసింది. వాళ్ళు వెళ్ళేది ఎట్టాకు కాదు. అక్కడ వెర్నా పుట్టింటిని కూల్చి ఎవరో మొక్కజొన్న వేశారు. అమెరికాలోనే ఒక పట్నంలో, ఆసుపత్రికి దగ్గరగా ఒక ఫ్లాట్ తీసుకున్నారు. వెళ్ళే రోజు వెర్నా ఉర్దూలో సఫియాను మగవాడిని పిలిచినట్టే పిలిచి, బాగా ఉండమని చెప్పింది. లచ్చన్న కారు దాకా సామాను మోసి, "పోయొస్తరామ్మా," అని తెలుగులోనే అన్నాడు. ఆమె అర్థమైనట్టే తలూపింది.

మస్కట్‌లోనే హమ్రియా పేటలో పని చూసిపెడతామన్నారు తెలిసినవాళ్ళు. సఫియా సమాయిల్‌కు కబురు పంపింది. షమ్సాకు మోకాళ్ళు పట్టేశాయి, కోడలు టీచరు ఉద్యోగంలో చేరింది. వెంటనే రమ్మన్నారు.

"ఆడ ఏమున్నదక్కా? ఖర్జూరం తోటలు తప్ప," అన్నాడు లచ్చన్న.

"చిన్న ఊరప్పా," అంది సఫియా. "అందరూ తెలిసినోళ్ళు."

కానీ సమాయిల్ కూడా కదులుతోంది. తోటల మధ్య పాత మట్టి ఇళ్ళు వదిలి జనం రోడ్డు పక్కన సిమెంటు ఇళ్ళు కట్టుకుంటున్నారు. ఏసీ పెట్టుకోవచ్చు, కారు గుమ్మం దాకా వస్తుంది. షమ్సా కొడుకూ కట్టాడు. ఆమె మాత్రం రెండేళ్ళు కదలలేదు. పొరుగింటి వాళ్ళు పోయారు, ఆ పై ఇంటి వాళ్ళూ పోయారు. సాయంత్రాలు ఖహ్వా కాఫీ, ఖర్జూరాలు పట్టుకుని వచ్చేవాళ్ళు తగ్గిపోయి, చివరికి షమ్సా, సఫియా ఇద్దరే చాప మీద మిగిలారు. "ఏమైనా కబుర్లున్నాయా?" అని షమ్సా అరబ్బీలో రోజూ అడిగేది. ఒమాన్‌లో మనిషి కనబడగానే అడిగే మాట అది. ఏమీ లేవు, అంతా మంచే, అని జవాబు చెప్పాలి. సఫియా అలా ఊరుకునేది కాదు. కూరగాయల దుకాణంలో విన్నదీ, దారిలో చూసిందీ అన్నీ చెప్పేది. ఉన్నదే చెప్పేది, కల్పించేది కాదు. లేని రోజు లేదనేది.

1997 చలికాలంలో షమ్సా ఒప్పుకుంది. సఫియా గిన్నెలు, పరుపులు, ఖహ్వా కూజాలు మూటలు కట్టింది. కొడుకు పికప్‌లో అన్నీ వేసుకుపోయాడు. షమ్సా మాత్రం నడిచే వస్తానంది. సఫియా భుజం పట్టుకుని, గోడల నీడలో, మూసిన తలుపుల మధ్యగా ఆగి ఆగి నడిచింది. ప్రతి తలుపు దగ్గరా ఆ ఇంటి మనిషి పేరు చెప్పింది. సఫియాకు వాళ్ళలో సగం మంది తెలుసు.

కొత్త ఇంట్లో తెల్లటి గోడల మధ్య షమ్సాను మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె చెవి ఒగ్గి కాసేపు విన్నది.

"నీళ్ళ చప్పుడు లేదేం?" అంది.

పాత ఇంటి వెనకే తోటలకు పోయే నీటికాలువ ఉండేది. పుట్టినప్పటి నుంచి ఆమె దాని చప్పుడులోనే నిద్రపోయింది, నిద్రలేచింది. ఇక్కడికి అది రాదు. సఫియా వెళ్ళి కిటికీ తెరిచింది. రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. ఆ తర్వాత దూరంగా ఎవరో మేకలను అదిలిస్తున్న గొంతు.

"అదెవరిది గొంతు?" అని అడిగింది షమ్సా.

"తెలీదు," అంది సఫియా. "ఉండండి, కనుక్కొస్తాను."

చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది.